బైబిలు స్టడీ సాఫ్ట్‌వేర్ తెరిచి తికమకపడుతున్నారా? 'కృప' అనే ఒక్క మాట పట్టుకోండి

లోగోస్ అనే బైబిలు సాఫ్ట్‌వేర్ మొదటిసారి తెరిచిన రోజు గంటన్నరలో పధ్నాలుగు ప్యానెళ్లు తెరిచాను. వ్యాఖ్యానాలు, నిఘంటువులు, పటాలు, దేవాలయం బొమ్మ, ఇంకా ఏవేవో. ఆదివారం పిల్లలకు చెప్పాల్సిన పాఠం మాత్రం ఒక్క ముక్క కూడా తయారు కాలేదు. చివరికి అన్నీ మూసేసి, అట్ట ఊడిన నా పాత బైబిలే ముందేసుకుని కూర్చున్నాను.

తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. చీటీ లేకుండా పెద్ద బజారుకు వెళ్తే ఏమవుతుందో నాకూ అదే అయింది. చేతిలో ప్రశ్న లేకుండా 'ఇందులో ఏమేం ఉన్నాయో చూద్దాం' అని కూర్చుంటే అవి తరగవు. అందుకే ఈ మార్గదర్శిలో బటన్ల జాబితా ఇవ్వను. 'కృప' అనే ఒక్క మాట పట్టుకుని, దాని వెనకాల నడుస్తూ అవసరమైనప్పుడు అవసరమైన బటన్ నొక్కుదాం. ఈ మాట ఊరికే ఎంచుకోలేదు. తెలుగు బైబిలు చదివేవాళ్లకు సాఫ్ట్‌వేర్ ఎందుకు అక్కరకొస్తుందో దీంతో తెలిసినంత బాగా మరో మాటతో తెలియదు.

ఏది ఎంచుకోవాలి

చదువుకోవడానికైతే యూవర్షన్ లాంటి ఫోన్ యాప్ చాలు. తెలుగు పాఠం అందులో దొరుకుతుంది, వెతకొచ్చు, రంగులు పూయొచ్చు. అయితే తెలుగు మాట వెనక ఏ హెబ్రీ పదముందో, ఏ గ్రీకు పదముందో తెలుసుకోవాలంటే పరిశోధన సాఫ్ట్‌వేర్ కావాలి.

ఇంగ్లండులో కేంబ్రిడ్జిలోని టిండేల్ హౌస్ వాళ్లు తయారుచేసిన స్టెప్ బైబిల్ పూర్తిగా ఉచితం. బ్రౌజర్లోనే పనిచేస్తుంది. విండోస్ కంప్యూటరున్నవాళ్లకు ఈ-స్వోర్డ్ అనే ఉచిత ప్రోగ్రామ్ చాలా ఏళ్లుగా ఉంది, పాతబడిన ల్యాప్‌టాప్‌లో కూడా చక్కగా నడుస్తుంది. వీటన్నిటికంటే పెద్దది లోగోస్. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1992లో మొదలైన సంస్థ దాన్ని తయారుచేస్తోంది. ఉచిత అంచె ఉంది, దానిపైన చందా అంచెలున్నాయి. అకార్డెన్స్ కూడా ఇదే కోవలోది.

నా సలహా ఇది. ముందు స్టెప్‌లో ఒక వారం గడపండి. తర్వాత లోగోస్ ఉచిత అంచె దించుకోండి. రెండు నెలలపాటు ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు. పండగ సేల్ అని ఈమెయిల్ వస్తుంది, 'ఇన్ని వందల పుస్తకాలు' అని ఊరిస్తుంది. ఆ వందల్లో మీరు తెరిచేవి ఆరో ఏడో. అవి ఏవో రెండు నెలలు వాడితేనే తెలుస్తుంది. ధరలు డాలర్లలో ఉంటాయని, చందా అంటే కడుతూనే ఉండాల్సిందేనని కూడా మర్చిపోకండి.

మొదటి అడుగు: తెలుగులో వెతకడం సరిగ్గా నేర్చుకోండి

చాలామంది ఇది దాటేసి నేరుగా గ్రీకుకు ఎగురుతారు. మీరు అలా చేయొద్దు. మన ప్రశ్న పుట్టేది తెలుగు వచనంలో కాబట్టి ముందు అక్కడ పట్టు రావాలి.

కంప్యూటర్లో తెలుగు టైపింగ్ లేకపోతే విండోస్ సెట్టింగ్స్‌లో భాషల పేజీకి వెళ్లి తెలుగు కలపండి. దాని కీబోర్డుల్లో ఫొనెటిక్ అని ఉన్నది ఎంచుకుంటే ఇంగ్లీషు అక్షరాలు కొడుతూ తెలుగు రాయొచ్చు. విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఫోన్లో అయితే ఈ తంటా లేదు.

ఇప్పుడు తెలుగు బైబిలు యాప్‌లో 'కృప' అని వెతకండి. పూర్తి పదం మాత్రమే వెతికే సెట్టింగు ఆన్‌లో ఉంటే ఫలితాలు దారుణంగా తగ్గిపోతాయి. మన భాషలో విభక్తులు మాటకు అతుక్కుపోతాయి కదా! ఎఫెసీ 2:8లో 'కృపచేతనే' అని ఉంటుంది, 23వ కీర్తన చివరి వచనంలో 'కృపాక్షేమములే' అని ఉంటుంది. పూర్తి పదం కోసం వెతికితే ఈ రెండూ జారిపోతాయి. కాబట్టి ఆ సెట్టింగు తీసేసి, మాటలో మారని ముక్క వరకే కొట్టండి. 'కనికరము' అని కాక 'కనికర' అంటే కనికరించు, కనికరము రెండూ వస్తాయి. 'దేవుడు' బదులు 'దేవు' అంటే దేవుని, దేవునికి కూడా వస్తాయి.

మరో చిక్కు పాత స్పెల్లింగులు. మన పవిత్ర గ్రంథంలో 'బ్రదుకు' అని ఉంటుంది, మనం 'బ్రతుకు' అని కొడతాం. ఆ వచనాలు రావు. ఏదైనా మాట దొరకలేదంటే అది బైబిల్లో లేదని అప్పుడే అనుకోకండి. మీకు గుర్తున్న ఒక వచనం తెరిచి, అందులోంచే ఆ మాట కాపీ చేసి వెతుకులాట పెట్టెలో అతికించండి. ఈ ఒక్క అలవాటుతో సగం తలనొప్పి పోతుంది.

వచ్చిన ఫలితాల్లోంచి ఈ నాలుగు ఒక కాగితం మీద రాసుకోండి: ఆదికాండము 6:8, కీర్తన 136:1, లూకా 1:30, ఎఫెసీ 2:8. నాలుగింటిలోనూ 'కృప' ఉంది. నోవహు కృప పొందాడు, యెహోవా కృప నిరంతరం ఉంటుంది, మరియ కృప పొందింది, మనం కృపచేత రక్షింపబడ్డాం. నాలుగు చోట్లా ఉన్నది ఒకటే మాటా? మన ప్రశ్న ఇదే.

రెండో అడుగు: స్టెప్‌లో మాట వెనక మాట

నేను వాడే తెలుగు పాఠానికి మూలభాషల తగిలింపు లేదు. అంటే తెలుగు మాట మీద నొక్కితే హెబ్రీ పదం రాదు. అందుకని ఇంగ్లీషును వంతెనగా వాడుకోవాలి. ఇంగ్లీషు అంతగా రాదని టెన్షన్ పడొద్దు, ఇక్కడ కావాల్సింది వచనంలో సరైన మాట ఎక్కడుందో పట్టుకోవడమే.

స్టెప్‌లో ఈఎస్‌వి, కింగ్ జేమ్స్ అనే ఇంగ్లీషు బైబిళ్లలో ఏదో ఒకటి తెరవండి. ఆదికాండము 6:8కి వెళ్లండి. తెలుగులో 'కృప' ఉన్న చోట ఈఎస్‌విలో 'ఫేవర్' అని, కింగ్ జేమ్స్‌లో 'గ్రేస్' అని ఉంటుంది. మౌస్ దాని మీదికి తీసుకెళ్తే చిన్న వివరం కనిపిస్తుంది. నొక్కితే పక్కన ప్యానెల్ తెరుచుకుని హెబ్రీ పదం, అర్థం, బైబిల్లో అది ఎన్నిసార్లు వచ్చిందీ చూపిస్తుంది. ఇక్కడ దొరికే పదం 'హేన్'.

అదే పని కీర్తన 136:1లో చేయండి. 'హెసెద్' వస్తుంది. లూకా 1:30లో, ఎఫెసీ 2:8లో చేయండి. రెండింట్లోనూ గ్రీకు పదం 'ఖారిస్'.

తెలుగులో ఒకే మాటగా కనిపించింది మూలంలో మూడు మాటలన్నమాట. వీటి స్ట్రాంగ్ నంబర్లు రాసుకోండి: హేన్ హెచ్ 2580, హెసెద్ హెచ్ 2617, ఖారిస్ జి 5485.

ఆ నంబర్ల గురించి ఒక్క మాట. జేమ్స్ స్ట్రాంగ్ అనే అమెరికన్ పండితుడు 1890లో అచ్చువేసిన పదసూచికలో కింగ్ జేమ్స్ బైబిల్లోని ప్రతి ముఖ్యమైన మాట వెనకా ఉన్న మూలపదానికి ఒక వరస సంఖ్య ఇచ్చాడు. హెబ్రీ, అరామిక్ పదాలకు 8674 వరకు, గ్రీకు పదాలకు 5624 వరకు సంఖ్యలున్నాయి. మూలభాష అక్షరాలు రానివాళ్లు కూడా పదాన్ని గుర్తుపట్టడానికి పెట్టిన టోకెన్ అది. బ్యాంకులో టోకెన్ నంబరు మీరెవరో చెప్పదు, మీ వంతు ఎక్కడుందో చెప్తుంది. ఇదీ అంతే. నంబరు చూసి పదానికి అర్థం తెలిసిపోయింది అనుకోకూడదు. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

మూడో అడుగు: లోగోస్‌లో మూడే ప్యానెళ్లు

ఇప్పుడు లోగోస్ తెరవండి. మొదటిసారి పుస్తకాలు దించుకుని, వెతకడానికి వీలుగా వాటిని ఇండెక్స్ చేసుకుంటుంది. ఆ సేపు కంప్యూటర్ నెమ్మదిస్తుంది. శనివారం రాత్రి, పాఠానికి ముందు ఈ పని పెట్టుకోకండి. వారం మధ్యలో ఓ సాయంత్రం వదిలేసి టీ తాగి రండి.

హోమ్ పేజీలో కనిపించే ప్రకటనలు, సిఫారసులు, వీడియోలు ఏవీ నొక్కకండి. లైబ్రరీ తెరిచి ఈ మూడే పెట్టండి.

ఎడమవైపు మూలభాష తగిలింపున్న ఇంగ్లీషు బైబిలు. కుడివైపు పైన నిఘంటువు. కుడివైపు కింద నోట్స్. ప్యానెల్‌ని దాని ట్యాబ్ పట్టుకుని లాగితే ఎక్కడ పెట్టాలో నీలి నీడ చూపిస్తుంది, అక్కడ వదిలేయండి. తెలుగు బైబిలు ఫోన్లోనో, పుస్తకంగానో పక్కన ఉండాలి. నేను పుస్తకమే పెట్టుకుంటాను. తెర మీద ఇంకో ప్యానెల్ తగ్గుతుంది, పెన్సిల్‌తో గీసుకోవచ్చు.

రెండు బైబిళ్లు లేదా బైబిలు, వ్యాఖ్యానం కలిసి కదలాలంటే ఒక్కోదాని ప్యానెల్ మెనూలో లింక్ సెట్ అనేదానికి వెళ్లి రెండింటికీ 'ఏ' ఎంచుకోండి. ఒకదాన్ని రూతు 2కి తీసుకెళ్తే రెండోదీ వచ్చేస్తుంది. కొత్తవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న 'ఇదెందుకు దానంతటదే కదులుతోంది' అని. దానికి కారణం తొంభై శాతం ఈ లింక్ సెట్టే. వద్దనుకుంటే అక్కడే తీసేయండి.

అమరిక కుదిరాక లేఔట్స్ మెనూలోకి వెళ్లి దానికో పేరు పెట్టి దాచండి. నేను 'పదం' అని పెట్టాను. ఇక ఎన్ని ప్యానెళ్లు తెరిచి గందరగోళం చేసుకున్నా ఒక్క నొక్కుతో మళ్లీ మూడు ప్యానెళ్లకు వచ్చేస్తారు. మొదటి రోజు నాకు ఈ సంగతి తెలిసుంటే ఆ పధ్నాలుగు ప్యానెళ్లకు అంత బెదిరిపోయేదాన్ని కాదు.

లైబ్రరీలోనే ప్రాధాన్య పుస్తకాల జాబితా ఉంటుంది. మీరు నిజంగా వాడే ఒక బైబిలునూ, హెబ్రీకి ఒక నిఘంటువునూ, గ్రీకుకు ఒకదాన్నీ అందులోకి లాగి పైన పెట్టండి. అప్పుడు ఏదైనా మాట మీద రెండుసార్లు నొక్కితే మీరు పెట్టినదే తెరుచుకుంటుంది. లేకపోతే సాఫ్ట్‌వేర్ తనకు తోచినది తెరుస్తుంది.

నాలుగో అడుగు: కుడి నొక్కు, లెమ్మా

ఈఎస్‌విలో కీర్తన 136:1 తెరిచి, 'స్టెడ్‌ఫాస్ట్ లవ్' అన్న చోట మౌస్ కుడి బటన్ నొక్కండి. ఓ మెనూ వస్తుంది. అందులో ఒక పక్క ఆ మాటకు సంబంధించిన వివరాలుంటాయి: ఇంగ్లీషు రూపం, లెమ్మా, మూలధాతువు, వచనం సంఖ్య. మరో పక్క వాటితో చేయగల పనులుంటాయి. ముందు వివరం ఎంచుకోవాలి, తర్వాత పని. ఈ వరస తెలియక చాలామంది ఇంగ్లీషు మాట మీదే వెతుకుతూ ఉండిపోతారు.

లెమ్మా అంటే నిఘంటువులో ఉండే రూపం. 'వెళ్లాను, వెళ్తాడు, వెళ్లబోతే' అన్నిటికీ నిఘంటువులో 'వెళ్లు' అని ఉంటుంది కదా, అది లెమ్మా. మీరు లెమ్మా ఎంచుకుని వర్డ్ స్టడీ నొక్కితే ఆ పదం వచ్చిన చోట్లన్నీ, ఇంగ్లీషులో దాన్ని ఎన్ని రకాలుగా అనువదించారో ఓ గుండ్రటి చక్రంగా చూపిస్తుంది. ఉచిత అంచెలో ఏదైనా పరికరం తెరుచుకోకపోతే కంగారు పడొద్దు. అదే పని స్టెప్‌లో పదం మీద నొక్కి, 'ఇన్ని చోట్ల' అన్న లింకు తెరిస్తే అయిపోతుంది.

వచనం తెలియకుండా నేరుగా వెతకాలంటే లోగోస్ సెర్చ్ పెట్టెలో ఇంగ్లీషు అక్షరాల్లో 'హెచ్' కొట్టి, కోలన్ పెట్టి, హెసెద్ అని కొట్టండి. కింద సూచనలు వస్తాయి, కావాల్సినది ఎంచుకోండి. గ్రీకుకైతే 'జి', కోలన్, ఖారిస్. హెబ్రీ లిపి, గ్రీకు లిపి టైపు చేయాల్సిన పనే లేదు.

ఇప్పుడు ఆ జాబితాలో తిరగండి. హెసెద్ పాత నిబంధనలో సుమారు 250 చోట్ల ఉంది, అందులో దాదాపు సగం కీర్తనల్లోనే. ఒక్క 136వ కీర్తనలోనే 26 సార్లు, వచనానికొకటి. హేన్ దాదాపు 70 చోట్ల. ఖారిస్ కొత్త నిబంధనలో 150కి పైగా ఉంటే మూడింట రెండొంతులు పౌలు పత్రికల్లోవే. మత్తయి, మార్కు సువార్తల్లో ఆ పదం ఒక్కసారి కూడా లేదు. యోహాను సువార్తలో మొదటి అధ్యాయంలో తప్ప మరెక్కడా లేదు. ఇవి ఎక్కడో చదివి నమ్మాల్సిన సంగతులు కావు, అయిదు నిమిషాల్లో మీరే లెక్కపెట్టుకోవచ్చు.

అయిదో అడుగు: మీ సొంత తెలుగు పట్టీ

నా దృష్టిలో అసలు పని ఇదే, సాఫ్ట్‌వేర్ మీకు చేసిపెట్టనిదీ ఇదే. లోగోస్ చూపించే చక్రం ఇంగ్లీషు అనువాదాలది. తెలుగు చక్రం మనమే గీసుకోవాలి.

నోట్స్‌లో 'హెసెద్' అని ఓ నోటు తెరవండి. జాబితాలో ఉన్న ఒక్కో వచనం తీసి, తెలుగు బైబిల్లో ఆ చోట ఏ మాటుందో పక్కన రాయండి. మొత్తం 250 అక్కర్లేదు, ఓ పాతిక చాలు. నా నోటులో మొదటి కొన్ని వరసలు ఇలా ఉన్నాయి.

కీర్తన 136:1: కృప.
రూతు 1:8: దయ.
రూతు 2:20: ఉపకారము.
హోషేయ 6:6: కనికరము.
మీకా 6:8: కనికరము.

కాసేపు ఈ వరసలు చూస్తూ కూర్చోండి. నయోమి తన కోడళ్లతో చెప్పిన 'దయ', బోయజు చేసిన 'ఉపకారము', 136వ కీర్తనలో పాడే 'కృప' హెబ్రీలో ఒకటే మాట. తెలుగు అనువాదకులు తప్పు చేశారని కాదు. ఒక్కో చోట తెలుగులో ఏది ఒదుగుతుందో అది వేశారు. 'బోయజు కృప చేయుట మానలేదు' అంటే మన చెవికి ఎలా ఉంటుందో చూడండి. అయితే రూతు గ్రంథం చదువుతూ కీర్తనలు గుర్తుకు రావడమనేది ఈ పట్టీ లేకుండా జరగదు.

కొత్త నిబంధనలోకి వెళ్తే ఇంకా బాగుంటుంది. మత్తయి 9:13లో యేసు చెప్పే 'కనికరమునే కోరుచున్నాను' అన్న మాట హోషేయ 6:6 నుంచి తీసుకున్నది. అక్కడ గ్రీకులో 'ఎలెయోస్' ఉంది, నంబరు జి 1656. పాత నిబంధనను గ్రీకులోకి తెచ్చిన సెప్టువజింట్‌లో హెసెద్‌కు ఎక్కువగా వాడిన మాట ఇదే. ఇప్పుడు లూకా 1:50లో మరియ పాట చూడండి. దేవునికి భయపడేవారి మీద ఆయన 'కనికరము' తరతరాలకు ఉంటుందని పాడింది. అక్కడా ఎలెయోస్. పక్కనే 103వ కీర్తన 17వ వచనం పెట్టండి. అక్కడ హెసెద్, తెలుగులో 'కృప'. మరియ పాడుతున్నది ఆ కీర్తన మాటల్నే. తెలుగులో ఒకచోట కృప, ఒకచోట కనికరము అని ఉండటం వల్ల ఆ ప్రతిధ్వని మనకు వినపడదు.

అదే అధ్యాయంలో 30వ వచనంలో మరియ 'కృప పొందింది'. అది ఖారిస్. నోవహు పొందిన హేన్‌కు సెప్టువజింట్ వాడిన మాట కూడా ఖారిసే. నోవహు, మరియ ఒక వరసలో. 103వ కీర్తన, మరియ పాట ఇంకో వరసలో. మా సండే స్కూలు పెద్ద పిల్లలకు ఈ రెండు వరసలు బోర్డు మీద గీసి చూపిస్తే ఓ పిల్లాడు 'ఆంటీ, అయితే తెలుగులో కృప అంటే రెండు రకాలా?' అన్నాడు. వాడికి హెబ్రీ రాదు, అయినా విషయం పట్టేశాడు.

ఆరో అడుగు: నిఘంటువును ఎంతవరకు నమ్మాలి

ఉచితంగా దొరికే నిఘంటువులు ఎక్కువగా పాతవి, కాపీరైటు తీరిపోయినవి. థేయర్ గ్రీకు నిఘంటువు 1886 నాటిది. ఐగుప్తు ఇసుకలో దొరికిన వేలాది గ్రీకు పపైరస్ కాగితాల్లో చాలా వరకు అచ్చులోకి వచ్చింది ఆ తర్వాతే. ఆ కాగితాల్లో మామూలు జనం రాసిన ఉత్తరాలు, లెక్కలు, ఒప్పందాలున్నాయి. కొత్త నిబంధన గ్రీకు అర్థం కావడానికి అవి ఎంతో పనికొచ్చాయి. హెబ్రీకి బ్రౌన్, డ్రైవర్, బ్రిగ్స్ కలిసి చేసిన నిఘంటువు 1906 నాటిదైనా ఇప్పటికీ పనికొస్తుంది. స్ట్రాంగ్ ఇచ్చిన అర్థాల జాబితా మాత్రం నిఘంటువు కాదు, గుర్తు కోసం రాసుకున్న చీటీ లాంటిది.

దీనికి మన హెచ్ 2617లోనే మంచి ఉదాహరణ ఉంది. జాబితాలో సామెతలు 14:34 కూడా కనిపిస్తుంది. తెలుగులో 'పాపము ప్రజలకు అవమానము తెచ్చును' అని ఉంటుంది. అవమానము! కృపకూ అవమానానికీ ఏం సంబంధం? సంబంధం లేదు. హెబ్రీలో ఒకేలా రాసే వేరే మాట అది. మనకు 'అరి' అంటే పన్నూ, శత్రువూ అయినట్టు. స్ట్రాంగ్ రెండింటికీ ఒకే నంబరు ఇచ్చాడు. సరైన నిఘంటువు వాటిని ఒకటి, రెండు అని విడదీసి చూపిస్తుంది. నంబరును మాత్రమే నమ్మినవాళ్లు 'కృపలో అవమానం కూడా దాగి ఉంది' అని చెప్పే ప్రమాదముంది. అలాంటివి విన్నాను కూడా.

'దునమిస్' అంటే డైనమైట్ అని చెప్పడం ఇలాంటిదే. ఆల్ఫ్రెడ్ నోబెల్ తన పేలుడు పదార్థానికి ఆ గ్రీకు మాట నుంచి పేరు పెట్టింది 1867లో. పౌలు రోమీయులకు 'దేవుని శక్తి' అని రాసినప్పుడు ఆయన మనసులో పేలుడు లేదు.

ఇతరుల పొరపాట్లు చెప్పాక నాది చెప్పకపోతే బాగుండదు. యోహాను 21లో యేసు పేతురును మూడుసార్లు 'ప్రేమించుచున్నావా' అని అడుగుతాడు. మొదటి రెండుసార్లు 'అగపావో' అనే క్రియ, మూడోసారి 'ఫిలేయో'. సాఫ్ట్‌వేర్లో అది చూసినప్పుడు నిధి దొరికినంత సంబరపడ్డాను. ఒకటి దైవప్రేమ, రెండోది స్నేహం అని స్త్రీల కూడికలో నలభై నిమిషాలు చెప్పాను. అయ్యాక ఓ పెద్దమ్మగారు దగ్గరికి పిలిచి, "చాలా బాగుందమ్మా. మరి యోహానులోనే తండ్రి కుమారుణ్ని ప్రేమిస్తున్నాడని రెండుచోట్ల ఉంది కదా, అక్కడ ఏ మాటలున్నాయో చూశావా?" అన్నారు. చూడలేదు. ఇంటికొచ్చి చూస్తే 3:35లో అగపావో, 5:20లో ఫిలేయో. యేసు ప్రేమించిన శిష్యుడి గురించి 13:23లో అగపావో, 20:2లో ఫిలేయో. దేమా 'ఇహలోకమును స్నేహించి' వెళ్లిపోయాడని 2 తిమోతి 4:10లో ఉంది కదా, అక్కడున్నది కూడా నేను దైవప్రేమ అని చెప్పిన అగపావోనే. తెలుగులో అక్కడ స్నేహం అని ఉండటం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ జాబితా ఒక్క నొక్కు దూరంలో ఉంది. నేను నొక్కలేదు, నాకు నచ్చిన జవాబు ముందే దొరికింది కాబట్టి. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఏ పదం గురించి ఏం చెప్పబోతున్నా, అదే రచయిత ఆ పదం వాడిన మిగతా చోట్లన్నీ తెరిచి, నా మాటను తప్పు అని చూపించే వచనం కోసం వెతుకుతాను. పదం అర్థం నిఘంటువులోని జాబితా మొత్తం కాదు, ఆ వాక్యంలో ఒదిగే ఒక్కటే.

ఏడో అడుగు: నంబర్లు కలవనప్పుడు

కొన్ని చోట్ల వచన సంఖ్యలు తేడాగా కనిపిస్తాయి, ప్రోగ్రామ్ పాడైందని అనుకోకండి. హెబ్రీ బైబిల్లో కీర్తన శీర్షికలకు కూడా చాలాచోట్ల వచన సంఖ్య ఇస్తారు. అందుకే 51వ కీర్తనలో మన 1వ వచనం అక్కడ 3వది అవుతుంది. మలాకీ నాలుగో అధ్యాయం హెబ్రీలో లేదు, మూడో అధ్యాయంలోనే కలిసి ఉంటుంది. సెప్టువజింట్‌లో అయితే కీర్తనల సంఖ్య చాలావరకు ఒకటి తగ్గుతుంది. మన 136వ కీర్తన అక్కడ 135. నోట్సులో రాసుకునేటప్పుడు ఎప్పుడూ తెలుగు బైబిలు సంఖ్యే రాయండి.

వ్యాఖ్యానాలు ఎప్పుడు తెరవాలి

చివర్లో. ప్యాసేజ్ గైడ్ అనే పరికరం ఒక వాక్యభాగం కొడితే మీ దగ్గరున్న వ్యాఖ్యానాలు, పటాలు, సమాంతర భాగాలు అన్నీ ఒకేచోట పోగేస్తుంది. చాలా మంచిది, అందుకే చెడగొడుతుంది కూడా. ముందే తెరిస్తే మీ పట్టీలో ఒక్క వరస కూడా పడదు. పాతిక వచనాలు చూశాక తెరవండి. అప్పుడు వ్యాఖ్యాత ఎక్కడ మీతో ఏకీభవించాడో, ఎక్కడ మీరు చూడనిది చూశాడో తెలుస్తుంది.

నోట్సును కాపాడుకోవడం

బైబుల్‌వర్క్స్ అని పండితులు, పాస్టర్లు ఎంతో ఇష్టపడి వాడిన సాఫ్ట్‌వేర్ ఉండేది. 2018లో ఆ సంస్థ మూతపడింది. ఏ ప్రోగ్రామ్‌కైనా అలా జరగొచ్చు. చందా ఆగిపోవచ్చు, ల్యాప్‌టాప్ చెడిపోవచ్చు. లోగోస్ నోట్స్ మీ ఖాతాతో పాటు ఆన్‌లైన్లో దాచి ఉంటాయి, అయినా నెలకోసారి పట్టీలన్నీ కాపీ చేసి మామూలు వర్డ్ ఫైల్‌లో పెట్టుకోండి.

తెలుగులో రాసేటప్పుడు యూనికోడ్‌లోనే (ఏ కంప్యూటరైనా, ఫోనైనా చదవగల అక్షర పద్ధతి) రాయండి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో టైపు చేయించిన పాత ప్రసంగాలు మీ దగ్గరుంటే అవి నోట్స్‌లో అతికించినప్పుడు పిచ్చి అక్షరాలుగా మారతాయి, వెతకడానికి పనికిరావు. ఆన్‌లైన్లో దొరికే కన్వర్టర్లతో ముందు యూనికోడ్‌లోకి మార్చండి. మార్చాక ఒకసారి చదవండి, ఒత్తులు అక్కడక్కడా తప్పుతాయి.

ఫైలు పేరులో మాట, నంబరు, తేదీ మూడూ పెట్టండి. నా మొదటి పట్టీ పేరు 'కొత్తది'. రెండోది 'కొత్తది 2'. హెసెద్ ఏ ఫైల్లో ఉందో వెతకడానికి ఓ ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది.